మీటల సంకేతములు : వాని వ్యుత్పత్తి చరిత్రము

శబ్దములు యౌగికములనియు, రూఢములనియు, యోగరూఢములనియు మన శాస్త్రకారులు విభజించియున్నారు. అవయవార్థముచేతనే బోధకమగునది యౌగికము. అవయవములతోఁ బనిలేక వాడుకచేతనే యర్థమిచ్చునది రూఢము. రెండును గలసినది యోగరూఢము. పాచకశబ్దము మొదటిదానికిని, గోశబ్దము రెండవదానికిని, పంకజశబ్దము మూఁడవదానికిని ఉదాహరణములు. ఈ విభాగము మాటలకే కాక, నేఁడు కంప్యూటరు కీబోర్డుమీఁద జనులు వాడుచున్న సంకేతములకును జెల్లుననియు, వానిలో రూఢములుగాఁ గానవచ్చునవి పెక్కులు చరిత్రము విచారింపఁగా సవ్యుత్పత్తికములే యనియుఁ జూపుట యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

ఎడిటరనఁగాఁ గంప్యూటరునందు వ్రాఁత నెక్కించుటకును, దిద్దుటకును, దాఁచుటకును ఉపయోగించు సాధనము. పుటల యలంకారము, చిత్రములు మొదలగువాని జోలికిఁ బోక కేవలాక్షరములతోడనే పనిచేయు చిన్న యెడిటరులు కొన్ని కలవు. ప్రోగ్రాములు వ్రాయువారు వానినే మిక్కిలిగా నాశ్రయింతురు. వానియందు ఒకటి రెండు మీటలు నొక్కినంతనే ఒక పని నెఱవేఱునట్లు ఏర్పఱచిన సంకేతములకు లోకమున షార్టుకట్లని పేరు. వీనిని నేర్పువారు సాధారణముగా "కంఠస్థము చేయుఁడు" అని యొక పట్టిక యిచ్చి యూరకుందురు. హేతువు చెప్పని పాఠము సూత్రవృత్తి లేని సూత్రపాఠమువంటిది. ధారణ కలుగును గాని బోధ కలుగదు. అంతకంటెను గీడేమనఁగా, హేతువు తెలియనిచోట జనులు హేతువును గల్పింతురు. కల్పితహేతువు క్రమముగాఁ జరిత్రమై కూర్చుండును. అట్టి కల్పన యొకటి యీ విషయమునఁ బ్రబలియున్నది. దానిని ముందు చెప్పెదను.

వీఐ యను పేరుగల యెడిటరున తెరమీఁదిగుర్తును ఎడమకు జరుపుటకు హెచ్, క్రిందికి జె, పైకి కె, కుడికి ఎల్ అను మీటలు నియతములు. ఈ నాలుగును ఇంగ్లీషున ఆ దిక్కుల పేళ్లకు మొదటి యక్షరములు కావు. ఎల్ అనునది ఎడమను జెప్పు ఇంగ్లీషుమాటకు మొదటి యక్షరమయ్యును ఇచటఁ గుడిని సూచించుచుండుట మఱింత వింత. కావున వ్రేళ్లకు సౌకర్యముగా నుండుటకై యా యెడిటరు కర్త యీ నాలుగింటిని ఏరుకొనెనని పలువురు చెప్పుదురు. ఇది పూర్వపక్షము. సిద్ధాంతము చెప్పుటకు ముందు కొంత వెనుకకుఁ బోవలెను.

1960 ప్రాంతమునఁ గంప్యూటరుతో మాటలాడుటకుఁ దెర లేదు. టెలిటైపు అను యంత్రమునఁ గాగితపుచుట్టపై మనము కొట్టినదియు, యంత్రము పలికినదియు ముద్రితమగుచుండెను. 1963లో వెలువడిన 33వ నమూనా టెలిటైపు సెకనుకుఁ బది యక్షరములను మాత్రమే కొట్టఁగలదు. ఎనుబది యక్షరములు కాగితముపైఁ బడుటకు ఎనిమిది సెకనులు పట్టును. మీటలును బరువైనవి. అట్టిచో ఒక యక్షరము తగ్గిన ఒక యక్షరమంత లాభము. అమెరికాలో బర్క్‌లీయందు బట్లర్ లాంప్సన్, పీటర్ డాయిచ్ అనువారు 1965-66 ప్రాంతమున క్యూఈడీ యను నెడిటరును రచించిరి. దానిని జూచి కెన్ థాంప్సన్ అనునతఁడు బెల్ ప్రయోగశాలలలో 1969లో యూనిక్సు వ్యవస్థ పుట్టునప్పుడు దానికై ఈడీ యను చిన్న యెడిటరును వ్రాసెను. అందు ఆజ్ఞలన్నియు ఏకాక్షరములు: చేర్చుటకు ఏ, తుడుచుటకు డి, చూపుటకు పి, మార్చుటకు ఎస్, దాఁచుటకు డబ్ల్యు, విడుచుటకు క్యూ. ఇవి ఆయా పనులను జెప్పు ఇంగ్లీషుమాటల యాద్యక్షరములు గనుక యౌగికములు. తప్పు జరిగినప్పుడు ఆ యెడిటరు ఇచ్చు సమాధానము సయితము ఒక్క ప్రశ్నార్థకచిహ్నమే.

మాత్రార్ధము తగ్గినను సంతసించువారని వైయాకరణులకు లోకమునఁ బేరు కలదు. పాణిని పదునాలుగు సూత్రములలో వర్ణములను గూర్చి, చివర అనుబంధములను నిలిపి, అచ్చు, హల్లు మొదలగు ప్రత్యాహారములను సాధించినది లాఘవము కొఱకే. ముఖపాఠమున నిలువవలసిన శాస్త్రమునకు ధారణాభారము తగ్గింపవలసి వచ్చినది. టెలిటైపునకుఁ గాలభారము తగ్గింపవలసి వచ్చినది. భారము వేఱు, ఫలమొక్కటి. అయినను ఈ సామ్యమును మితిమీఱి సాగఁదీయరాదు. పాణిని సంకేతములు ముందుగా నాలోచించి కట్టిన వ్యవస్థ. మీటల సంకేతములు యంత్రమునకు యంత్రము మాఱుచుండఁగా పొరలుపొరలుగాఁ బేరుకొన్నవి. కావుననే వీనికి వ్యాకరణముకంటెఁ జరిత్రము ముఖ్యము.

ఈ సంకేతములు కలసి క్రొత్తమాట యగుటయుఁ గలదు. ఈడీలో జి యనునది గ్రంథమంతటను అనియు, నడుమ నుంచు నమూనా వెదుక వలసిన రూపమనియు, పి యనునది చూపుమనియు అర్థము. నమూనాకు ఆర్ఈ అని సంకేతము. ఈ మూఁటిని గలిపి చదువఁగా గ్రెప్ అయినది. ఆ పేర వేఱొక సాధనము వెలసినది. నేఁడు ప్రోగ్రాములు వ్రాయువారు దానిని "వెదకు" అను నర్థమున ధాతువుగాఁ బ్రయోగించుచున్నారు. అవయవార్థమును నిలిచినది, రూఢియు వచ్చినది. పంకజశబ్దమునకు ఇంతకంటె దగ్గఱి చుట్టము దొరకదు.

తరువాతఁ దెరలు వచ్చినవి. లండనులోని క్వీన్ మేరీ కళాశాలయందు జార్జి కులూరిస్ అనునాతఁడు ఈడీ దేవతలకుఁ దగును గాని మనుష్యులకుఁ దగదని తలఁచి, తెరమీఁద ఒక పంక్తిని కంటికెదురుగా దిద్దుటకు వీలగునట్లు దానిని సంస్కరించి, మర్త్యుల యెడిటరు అను నర్థము వచ్చునట్లు ఈఎమ్ అని పేరు పెట్టెను. 1976 వేసవిలో నతఁడు బర్క్‌లీకి వచ్చినప్పుడు బిల్ జాయ్ అను విద్యార్థి దానిని జూచెను. జాయ్, చక్ హేలీ యనువారలు దానినుండి ఎక్స్ అను నెడిటరును నిర్మించిరి. అందుఁ దెరనిండ గ్రంథమును జూపు దశకు విజువల్ అని పేరు. ఆ యాజ్ఞను సంక్షేపించి వీఐ అని వ్రాయుదురు. ఆ సంక్షేపమే పేరై, 1979 మే నెలలో వెలువడిన రెండవ బర్క్‌లీ సంపుటిలో వీఐ యను నెడిటరు లోకమునకుఁ దెలిసినది.

జాయ్ ఇంటినుండి టెలిఫోను తీఁగపై 300 బాడు వేగముతోఁ బనిచేయుచుండెను. అనఁగా సెకనుకు ముప్పది యక్షరములు. పంక్తికి 80 అక్షరముల చొప్పున 24 పంక్తులు గల తెర నిండవలెనన్న 1920 అక్షరములు రావలెను. అందుకు 64 సెకనులు కావలెను. తెరను మాటిమాటికి మొదటినుండి వ్రాయుట యసాధ్యము. కావున తక్కువ మీటలతోఁ దక్కువ మార్పు జరుగవలెనను నియమము వీఐకి జన్మసిద్ధమైనది.

ఇఁక సిద్ధాంతము. జాయ్ వాడిన తెరయంత్రము లియర్ సీగ్లర్ కంపెనీవారి ఏడీఎమ్-3ఏ. దానికి బాణపుగుర్తుల మీటలు ప్రత్యేకముగా లేవు. హెచ్, జె, కె, ఎల్ అను నాలుగు మీటలమీఁదనే ఎడమ, క్రిందు, మీఁదు, కుడి దిక్కుల బాణములు ముద్రింపఁబడి యుండెను. కంట్రోలు మీటతోఁ గలిపి వానిని నొక్కిన గుర్తు ఆ దిక్కునకు జరుగును. జాయ్ చేసినది కంట్రోలును విడిచి ఆ మీటలనే యుంచుట. కావున వానిని ఏరినది యెడిటరు కర్త కాఁడు, యంత్రమును జేసినవారు. సౌకర్యమే హేతువని చెప్పువారిని అన్వయవ్యతిరేకములచేతను నిరాకరింపవచ్చును. టైపు నేర్చినవారి కుడిచేతి వ్రేళ్లు విశ్రమించునవి జె, కె, ఎల్, అర్ధవిరామచిహ్నము అను నాలుగు మీటలమీఁద. సౌకర్యము హేతువైనచో ఆ నాలుగే కావలసియుండెను. హెచ్ నొక్కుటకుఁ జూపుడువ్రేలిని ఎడమకు జరుపవలెను. హేతువున్నచోఁ గార్యము కానరాలేదు. కార్యమున్నచో హేతువు కానరాలేదు.

యంత్రమును జేసినవారైన నా నాలుగింటినే యేల కొనిరనిన, కారణమునకుఁ గారణము అక్షరముల సంఖ్యాక్రమములో నున్నది. ఆస్కీ యను ప్రమాణమున ప్రతి యక్షరమునకు ఒక సంఖ్య కలదు. ఏ యనుదానికి 65, బి యనుదానికి 66, ఇట్లు వరుసగా. కంట్రోలు మీట నొక్కిన ఆ సంఖ్యనుండి 64 తగ్గును. హెచ్ సంఖ్య 72, కంట్రోలుతో 8. 1967 నాఁటి ఆస్కీలో 8 అనునది వెనుకకొక స్థానము జరుగుమను యంత్రాజ్ఞ. జె సంఖ్య 74, కంట్రోలుతో 10. అది క్రిందిపంక్తికి దిగుమను నాజ్ఞ. ఎడమకు హెచ్చును, క్రిందికి జెయు ఈ విధమున ముందే సిద్ధముగా నున్నవి. మిగిలిన రెండుదిక్కులు వాని ప్రక్కనున్న కె, ఎల్ అను మీటలకు వచ్చినవి. ఆంగ్లవర్ణమాలలో హెచ్ ఎనిమిదవది, జె పదవది యగుట యీ వ్యుత్పత్తికి మూలము. రూఢమనుకొన్నది తుదకు వర్ణమాలాక్రమమునఁ బుట్టినదిగాఁ దేలినది.

వీఐ స్వరూపమునఁ జెప్పవలసిన ముఖ్యవిషయము అధికారభేదము. అందు ఆజ్ఞాదశ యనియు, లేఖనదశ యనియు రెండుదశలు ప్రధానములు. ఆజ్ఞాదశలో డి నొక్కినచోఁ దుడుచుట. లేఖనదశలో అదే మీట డి యను నక్షరమును వ్రాయును. అధికారసూత్రము క్రింద నున్నంతవఱకు పదములు ఆ యర్థముననే యన్వయించి, అధికారము నివృత్తము కాఁగానే వేఱుగా నన్వయించునట్లు, ఇచ్చట ఐ యనుమీట లేఖనాధికారమును ఆరంభించును. ఎస్కేపు మీట దానిని నివర్తింపఁజేయును. ఆజ్ఞాదశలో సంకేతములు ప్రకృతిప్రత్యయములవలెఁ గలియును. డి యనునది తుడుచు క్రియ. డబ్ల్యు యనునది మాటయంత దూరము. రెండును గలసి మాటను దుడుచును. ముందు 3 చేర్చిన మూఁడుమాటలను దుడుచును. మార్చుటకు సి, ప్రతి తీసికొనుటకు వై. వీనిలో దేనికైనను డబ్ల్యుతో యోగము కలదు. పది క్రియలును ఇరువది గతులును దెలిసినవాఁడు రెండువందల ప్రయోగములను నేర్వకయే యెఱుఁగును. పట్టికను గంఠస్థము చేయించువారు మఱచునది యిదియే. ధాతుపాఠమును ప్రత్యయములను విడిచి, సిద్ధరూపములను మాత్రము వల్లెవేయించుటవంటి పని యది.

దీనికిఁ బ్రతిసంప్రదాయము ఈమాక్స్. మసాచుసెట్స్‌లోని ఎంఐటీ విద్యాలయమున డాన్ మర్ఫీ 1960 దశకపు మొదట టీకో యను నెడిటరును రచించెను. దానిపైఁ గట్టిన ఆజ్ఞాసముదాయములను సమకూర్చి రిచర్డ్ స్టాల్‌మన్, గై స్టీల్ అనువారు 1976లో ఈమాక్సును వెలయించిరి. అందు మీట నొక్కిన అక్షరము అక్షరమే. ఆజ్ఞ కావలెనన్నఁ గంట్రోలు, మెటా యను మీటలను జేర్చి నొక్కవలెను. ఈ మీటలు మన అనుబంధములవంటివి. ఇత్తు తన కార్యమును జేసి లోపించునట్లు, ఇవియుఁ బనిని సూచించి వ్రాఁతయందుఁ గానరాక పోవును. ముందుకు ఎఫ్, వెనుకకు బి, క్రిందిపంక్తికి ఎన్, పైపంక్తికి పి అని యీమాక్సు గతులు పెక్కులు ఇంగ్లీషుమాటల యాద్యక్షరములే. సంప్రదాయభేదమునకు ఒక్క నిదర్శనము చాలును: యాంక్ అను నొకే మాటకు వీఐయందు ప్రతి తీసికొనుట యర్థము, ఈమాక్సునందు తీసినదానిని మరల నుంచుట యర్థము.

అనుబంధములు తక్కువై కార్యములు హెచ్చినచో సందేహము పుట్టక మానదు. పదునాలుగు సూత్రములలో ణకారము మొదటిసూత్రమునను ఆఱవసూత్రమునను రెండుమాఱు లిత్తుగా వచ్చుటచేత అణ్ అనుచోట ఏ ణకారమును గ్రహింపవలెనను సంశయము కలిగి, వ్యాఖ్యానముచేత నిర్ణయింపవలసి వచ్చెను. కంట్రోలుతోఁ గూడిన ఎస్ స్థితియు నిట్టిదే. ఎస్ పందొమ్మిదవ యక్షరము. 19 అను నాజ్ఞకు తెరయంత్రములయందు "పంపుట నాపుము" అని యర్థము. క్యూ పదునేడవది, 17 అనునది "మరలఁ బంపుము" అను నాజ్ఞ. ఈమాక్సునఁ గంట్రోలు ఎస్ వెదకుటకు సంకేతము. నేఁటి యనేకములగు నెడిటరులలో దాఁచుటకు సంకేతము. అందుచేత దాఁపవలెనని నొక్కినవాని తెర కదలక నిలిచిపోవుటయు, వాఁడు యంత్రము చెడినదని భ్రమించుటయు నేఁటికిని జరుగుచున్నది. కంట్రోలు క్యూ నొక్కిన నది మరలఁ గదలును. హేతువు తెలిసినవానికి ఇది సంకేతముల సాంకర్యము, తెలియనివానికి దైవికము.

మూఁడవ సంప్రదాయమునకు లారీ టెస్లర్ ప్రవర్తకుఁడు. 1945లోఁ బుట్టి 2020లో నస్తమించిన యీతఁడు జిరాక్సు కంపెనీవారి పాలో ఆల్టో పరిశోధనాలయమున టిమ్ మాట్ అనువానితోఁ గలసి 1970 దశకము నడుమ జిప్సీ యను నెడిటరును నిర్మించెను. దశాభేదము మనుష్యులను మోసపుచ్చుననియు, ఒక మీటకు ఎల్లప్పుడు ఒకే యర్థ ముండవలెననియు నాతని సిద్ధాంతము. తన కారుసంఖ్యాఫలకమునఁగూడ దశలు వలదను నర్థమిచ్చు నక్షరములను వేయించుకొనెను. వ్రాఁతను గత్తిరించుట, ప్రతి తీయుట, అతికించుట యను వ్యవహారమును స్థిరపఱచినవాఁ డీతఁడే. 1983లో ఆపిల్ కంపెనీవారి లీసా యంత్రమున నీ పనులకు ఎక్స్, సి, వి అనియు, చేసినదానిని రద్దుచేయుటకు జెడ్ అనియు మీటలు నిలిచినవి. సి యౌగికము. ఎక్స్ కొట్టివేఁతగుర్తు; వి నడుమఁ జొప్పించు కాకపాదపుగుర్తు తలక్రిందైన రూపము; జెడ్ వాని ప్రక్కమీట. ఇందు ధ్వనిచేత నొకటి, ఆకారముచేత రెండు, సన్నిధిచేత నొకటి యర్థమును బొందినవి. ఈ నాలుగును మెకింటాషునకును, 1992లో వెలువడిన విండోసు 3.1 నకును బ్రాకి లోకవ్యాప్తములైనవి.

తరువాతి కాలమున బ్రామ్ మూలెనార్ అను డచ్చి దేశస్థుఁడు 1991లో విమ్ అను పేర వీఐని విస్తరించి, 2023లో మరణించువఱకు దానిని బోషించెను. నానో యను నెడిటరు సంకేతములను తెర యడుగుననే వ్రాసిచూపును. 2008లో ఆస్ట్రేలియావాఁడగు జాన్ స్కిన్నర్ వెలువరించిన సబ్లైమ్ టెక్స్ట్ అను నెడిటరునందును, 2015లో మైక్రోసాఫ్టువారు ప్రకటించిన విజువల్ స్టూడియో కోడ్ నందును గంట్రోలు, షిఫ్టు, పి అను మూఁటిని గలిపి నొక్కినచో ఆజ్ఞల పట్టిక తెఱచుకొనును. ఆజ్ఞపేరులోఁ గొన్ని యక్షరములు కొట్టిన నది దొరకును. సంకేతములు ధారణాశక్తిని మించఁగా లోకము మరలఁ బేళ్లనే శరణు చొచ్చినదని దీనివలనఁ దెలియుచున్నది.

యంత్రము మాఱినను సంకేతము నిలిచినచో లాఘవమే గౌరవ మగును. ఏడీఎమ్-3ఏలో ఎస్కేపు మీట నేఁటి ట్యాబు మీట యున్నచోట, కంట్రోలు మీట నేఁటి క్యాప్స్‌లాకు ఉన్నచోట నుండెను. చిటికెనవ్రేలు కదలించిన నందును. 1980 దశకము నడుమ ఐబీఎం వారి 101 మీటల కీబోర్డు ప్రమాణము కాఁగా ఎస్కేపు పైమూలకును, కంట్రోలు క్రిందిమూలకును బోయినవి. నాఁడు వ్రేలికింద నున్నదానికి నేఁడు చేయిచాఁపవలసి వచ్చినది. దీనిఁ జూచి యా సంకేతమును గల్పించినవాని నవివేకి యనుట న్యాయము కాదు. వాని యెదుట నున్న యంత్రమును మనము చూడలేదు.

మన తెలుఁగువారి కిందుఁ గల ప్రయోజనమును దెలిపి విరమింతును. డి తుడుచుటకనుట ఇంగ్లీషెఱిఁగినవానికి యౌగికము. తెలుఁగు బాలునికిఁ గేవలరూఢము. వానికి నుపాధ్యాయుఁడు చెప్పవలసిన వృత్తి యిద్దఱికి రెట్టింపు. మఱియుఁ దెలుఁగు వ్రాయునప్పుడు దశాభేదము దోషము కాక గుణమగుచున్నది. విమ్ నందుఁ గీమ్యాప్ అను నేర్పాటు లేఖనదశలో మాత్రమే మీటలను వేఱులిపికి మార్చి, ఆజ్ఞాదశలో వానిని యథాస్థితిగా విడుచును. కావున నొకే మీట వ్రాఁతయందుఁ దెలుఁగై, ఆజ్ఞయందు లాటినై, రెంటికిని గలహము లేక నడచును. టెస్లర్ నిందించిన దశాభేదము రెండులిపులతోఁ బనిగలవారికి ఉపకారకమైనది. అయినను ఒక చిక్కు మిగిలియున్నది. 1991 నాఁటి యూనికోడు ప్రమాణము మొదలు తెలుఁగు వ్రాఁత వర్ణములుగా విడదీయఁబడి దాఁపఁబడుచున్నది. స్త్రీ యను నేకాక్షరము సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, గుడిదీర్ఘము అను ఆఱు స్థానము లాక్రమించును. ఒక యక్షరమును దుడువుమను సంకేతమునకు ఆఱును బోవలెనా, తుదిది మాత్రమే పోవలెనా యనుట యెడిటరునుబట్టి మాఱుచున్నది. వర్ణమెద్ది, అక్షరమెద్ది యను మన ప్రాతిశాఖ్యకారుల విచార మిచటఁ గేవలచర్చ కాదు; తాళపత్రప్రతులను గంప్యూటరున కెక్కించు ప్రతి పరిష్కర్తకును ఎదురగు ప్రశ్న.

కావున విద్యార్థులకు మీటలపట్టిక నిచ్చు పండితులు ప్రతిసంకేతమునకు నిది యే మాటకు మొదటి యక్షరము, ఏ యంత్రమునఁ బుట్టినది, ఏ కాలమున నెచటికిఁ బ్రాకినది యను మూఁడు ముక్కలు ప్రక్కను వ్రాసియిచ్చిన మేలు. ఆ యంత్రములఁ జూచినవారు దినదినమునకుఁ దగ్గుచున్నారు. వ్యుత్పత్తి నశించినపిదప రూఢి యొక్కటియే మిగులును. అప్పుడు కల్పనకు అడ్డు చెప్పువారుండరు. విజ్ఞులు విచారింతురు గాక.